పీటలు ఎటు చూస్తాయో తేలాకే పూల మాట: కోనసీమలో కట్టిన ఒక పెళ్ళి పందిరి, కేస్ స్టడీ

డెకరేషన్ మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చోగానే ఫోన్ తీస్తారు. పింటరెస్ట్ ఫొటోలు, ఇన్‌స్టా రీళ్ళు, ఎవరో సినిమావాళ్ళ పెళ్ళిలో వెనకాల వేసిన తెల్లపూల గోడ. అన్నీ చూస్తాను, బాగున్నాయనే అంటాను, ఆ తర్వాత అడిగేది ఒకటే: పీటల మీద కూర్చున్నప్పుడు పెళ్ళికొడుకు ఎటు చూడాలని మీ పంతులుగారు చెప్పారు? చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. అది తేల్చుకోకుండా స్టేజీ వేస్తే ఏమవుతుందంటే, ముహూర్తానికి గంట ముందు పంతులుగారు వచ్చి "ఇదేంటండీ, పడమటికి కూర్చోబెట్టారు" అంటారు. అప్పుడు పీటలు అడ్డంగా తిప్పుతారు, హోమగుండం మూలకి జరుగుతుంది, లక్షలు పోసి కట్టిన బ్యాక్‌డ్రాప్ పెళ్ళికొడుకు చెవి పక్కన ఎక్కడో కనిపిస్తూ ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క పెళ్ళి గురించి. మే నెల, వైశాఖం, అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. ఫంక్షన్ హాలు వద్దని, ఇంటి ముందే చెయ్యాలని పెళ్ళికూతురి మామ్మగారి పట్టుదల. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. సుమారు ఐదొందల మంది జనం. పెళ్ళికూతురి నాన్నగారు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన పుణ్యమా అని కొలతల దగ్గర నాకు అసలు ఇబ్బంది రాలేదు, ఆయనే టేపు పట్టుకుని నాతో తిరిగారు.

ఇల్లు పడమటి ముఖం. చిక్కంతా అక్కడే మొదలైంది. ముందు వాకిలి ఉత్తర దక్షిణాలుగా డెబ్బై అడుగులు, ఇంటి నుంచి రోడ్డు దాకా అరవై. దక్షిణం వైపు కొబ్బరితోట. వాకిట్లో పెళ్ళంటే ఎవరైనా ఇంటి గోడకి ఆనించి స్టేజీ వేసి, జనాన్ని రోడ్డు వైపు కూర్చోబెడతారు. అలా వేస్తే జంట జనం వైపు, అంటే పడమటికి తిరిగి కూర్చోవాలి. మా వైపు పద్ధతిలో తెర ఉన్నంతసేపూ పెళ్ళికొడుకు తూర్పు ముఖంగా, పెళ్ళికూతురు పడమటి ముఖంగా ఎదురెదురుగా కూర్చుంటారు, తెర తీశాక ఇద్దరూ పక్కపక్కన తూర్పుకి తిరుగుతారు. పంతులుగారు ఈ విషయంలో ఒక్క అంగుళం కూడా జరగనన్నారు. పోనీ స్టేజీని రోడ్డు వైపుకి తెచ్చి ఇంటికేసి చూసేట్టు పెడదామా అంటే, వచ్చేవాళ్ళకి మొదట కనిపించేది స్టేజీ వీపు. కారు దిగగానే ప్లైవుడ్డు, పైపులు, వైర్లు చూడాలి.

మాస్టారు అప్పుడు ఒక మాటన్నారు. "వీపు కనపడటం తప్పనప్పుడు వీపుని కూడా ముఖంలా చెయ్యొచ్చు కదండీ." డిజైన్ మొత్తం ఆ మాట మీదే నిలబడింది.

మండపాన్ని తూర్పు ముఖంగానే ఉంచి వాకిలికి దక్షిణం వైపు జరిపాం. కుర్చీలన్నీ ఉత్తరం సగంలో. ఎదురుగా తూర్పున ఇంటి అరుగు, అది పడమటికి చూస్తుంది కాబట్టి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళకి, పెద్దవాళ్ళకి జంట ముఖాలు నేరుగా కనిపిస్తాయి. కుర్చీల్లో ఉన్నవాళ్ళకి పక్కనుంచి కనిపిస్తాయి. పక్కనుంచి చూడటం లోటు అనుకుంటారు గానీ, జీలకర్ర బెల్లం ఘట్టానికి అంతకంటే మంచి చోటు లేదు. మధ్యలో తెర, తెరకి ఇటు ఒక ముఖం అటు ఒక ముఖం, రెండు చేతులు ఒకేసారి లేవడం, అన్నీ కనిపిస్తాయి. మామూలు స్టేజీ మీద ఆ క్షణాన జనానికి కనిపించేది ఫొటోగ్రాఫర్ల వీపులు మాత్రమే.

బ్యాక్‌డ్రాప్ మండపానికి పడమట, అంటే జంట వీపు వైపు వచ్చింది. దాని అవతలి ముఖం రోడ్డుకి కనిపిస్తుంది. కాబట్టి రెండు వైపులా ఒకేలా అల్లాల్సిందే, మేకు తల కూడా కనిపించకూడదు. దానికి ఒక్కటే దారి దొరికింది: పచ్చి కొబ్బరాకు. గుడ్డ వేస్తే వెనక కుట్లు కనిపిస్తాయి, పూలగోడ వేస్తే వెనక మెష్ కనిపిస్తుంది, కొబ్బరాకు అల్లికకి రెండు వైపులా మంచి ముఖమే.

కొలతల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే రెడీమేడ్ మండపాలు చాలావరకు పన్నెండడుగుల చదరం ఉంటాయి, అది ఫొటోకి సరిపోతుంది గానీ పెళ్ళికి చాలదు. లెక్క వేసి చూడండి. రెండు పీటలు పక్కపక్కన వేస్తే పట్టుచీర కుచ్చిళ్ళతో కలిపి ఐదడుగులు. ఎదురుగా కన్యాదాతలు ఇద్దరు. పక్కన పంతులుగారు, ఆయన శిష్యుడు. పళ్ళాలు, కలశాలు, తలంబ్రాల బేసిన్లు, ఐరేని కుండలు. మధ్యలో హోమగుండం, దాని చుట్టూ కొంగులు ముడివేసుకున్న జంట ప్రదక్షిణం చెయ్యాలి, అంటే నాలుగు వైపులా కనీసం మూడడుగులు ఖాళీ ఉండాలి. సప్తపదికి ఏడు అడుగులు పడాలి. వీటికి తోడు స్తంభాల మొదట్లో మేం పెట్టే ఇత్తడి బిందెలు, దీపాలు, పూలకుండీలు ఉండనే ఉంటాయి. అవి ఒక్కోటీ అడుగున్నర తినేస్తాయి. ఇక్కడ మేం పదహారు బై పద్దెనిమిది అడుగుల మండపం వేసి, స్తంభాల దగ్గర నేల మీద ఏమీ పెట్టలేదు. అలంకారమంతా నడుము ఎత్తు నుంచి పైకే. మండపం బోసిగా ఉంటుందేమోనని పెళ్ళికూతురికి టెన్షన్. ఒకసారి నేల మీద సుద్దతో గీసి, ఇంట్లోవాళ్ళనే పీటల చోట కూర్చోబెట్టి, చుట్టూ తిరగమన్నాను. తిరిగాక ఆ అమ్మాయే "కుండీలు వద్దులెండి అన్నయ్యా" అంది.

స్టేజీ ఎత్తు అడుగున్నరే. ఫంక్షన్ హాళ్ళలో మూడడుగులు, నాలుగడుగులు వేస్తారు. ఇక్కడ పెళ్ళికూతుర్ని మేనమామలు బుట్టలో ఎత్తుకొస్తారు. వెదురు గంప, అందులో పట్టుచీరా నగలతో పిల్ల, చేతిలో కొబ్బరిబోండం. అటూ ఇటూ ఇద్దరు మామయ్యలు, వెనక పట్టడానికి ఇంకొకరు. నేను మొదట గీసిన నడకదారి ఐదడుగులు, దానికి రెండు పక్కలా కుండీలు. పెద్ద మేనమామ చూసి నవ్వారు. "ఇందులో నేనొక్కణ్ణే పడతానండీ, ఆయ్." ఎనిమిదడుగులకి పెంచాం. మెట్లు నాలుగంగుళాల ఎత్తు, పాదం మొత్తం పట్టేంత వెడల్పు. దారి మీద కమానులు ఉన్నాయి గానీ పూలదండలు కిందికి వేలాడదీయలేదు, గంపలో కూర్చున్న పిల్ల తల మామూలు మనిషి తలకంటే పైన ఉండదు కానీ జడ మీద పూలజడ, బాసికం ఉంటాయి, వేలాడే దండ ఒక్కటి తగులుకున్నా అక్కడే ఆగిపోవాలి.

ఇక పందిరి రాట. ఇది చెప్పకుండా ఉండలేను. మా సామాను దిగేసరికే ఆ ఇంట్లో రాట పాతేశారు. ఈశాన్యంలో, పాలకొమ్మ కట్టి, పసుపు కుంకుమలు పూసి, పసుపుగుడ్డలో నవధాన్యాలు మూటగట్టి, మామిడాకులు చుట్టి. అది సరిగ్గా మేం సోఫాలు, ఫొటో బూతు వేద్దామని గీసుకున్న చోట ఉంది. మా కుర్రాళ్ళలో కొత్తవాడొకడు దాన్ని రెండడుగులు జరపొచ్చా అని అడిగాడు, మామ్మగారు వాణ్ణి చూసిన చూపుకి వాడు సాయంత్రం దాకా ఆ వైపు వెళ్ళలేదు. రాట పాతారంటే ఆ ఇంట్లో పెళ్ళి మొదలైనట్టే. అది కదలదు. ఫొటో బూతు మొత్తం ఎత్తేసి, రాట చుట్టూ ఆరడుగుల మేర ఖాళీ వదిలి, పేడతో అలికించి ముగ్గు వేయించాం. చివరికి అతిథులు ఎక్కువ సెల్ఫీలు తీసుకున్నది అక్కడే.

పూల సంగతికొస్తాను. మాకు కడియపులంక మార్కెట్ దగ్గర, అది వరమే. కానీ ముహూర్తాల రోజున అక్కడి రేట్లు మామూలు రోజు రేట్లు కావు, రాత్రికి రాత్రే పెరుగుతాయి, కాబట్టి ఫలానా పువ్వే కావాలని పట్టుబట్టే డిజైన్ నేను వెయ్యను. మే నెలలో చామంతి దూరం నుంచి రావాలి, వచ్చినా ఈ ఎండకి రేకు అంచులు నల్లబడతాయి. ఆ అమ్మాయి చూపించిన ఫొటోల్లో పూలన్నీ చలికాలం పూలు. మాఘంలో పెళ్ళయితే అలాగే వేసేవాణ్ణి. వైశాఖంలో మనకి దేవుడిచ్చింది మల్లె. ఆ సీజన్లో మల్లెని పక్కన పెట్టి ఫ్రిజ్జు బండిలో వచ్చిన తెల్లగులాబీలకి డబ్బు తగలెయ్యడం నాకు మనస్కరించదు.

అయితే మల్లెకి గంటల లెక్క ఉంది. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రం చీకటి పడ్డాక విచ్చుతుంది, అర్ధరాత్రికి నిండుగా ఉంటుంది, తెల్లారేసరికి గోధుమరంగుకి తిరుగుతుంది. ఒంటిగంట ముహూర్తానికి ఇంతకంటే కలిసొచ్చేది లేదు. కానీ అప్పగింతలు పొద్దున ఏడింటికి. అప్పుడు గుమ్మం మీద వాడిన మల్లెలు ఉంటే ఎలా ఉంటుంది? అందుకని మల్లెని చోటు చూసి వాడాం. మండపం స్తంభాల పైభాగానికి కొంచెం, అరుగు మీద ఆడవాళ్ళు కూర్చునే చోట స్తంభాలకి బాగా. హోమం దగ్గర ఎన్ని మల్లెలు కట్టినా పొగలో, నేతివాసనలో తేలిపోతాయి, అరుగు మీదయితే వాసన మనిషికి అందుతుంది. వీధి గుమ్మానికి, అప్పగింతలు జరిగే చోటికి మామిడాకు, కొబ్బరాకు అల్లికలు, కనకాంబరం. కనకాంబరానికి వాసన లేదు గానీ మర్నాటికి కూడా రంగు దిగదు. లిల్లీ దండలు పీటల వెనక రెండు పక్కలా నిలువుగా, అంతే.

బ్యాక్‌డ్రాప్ మధ్యభాగంలో ఒక్క పువ్వు కూడా పెట్టలేదు. దీనికి కారణం మధుపర్కాలు. మంగళసూత్ర ధారణ వేళకి ఇద్దరూ తెల్లటి నూలుబట్టల్లో ఉంటారు, ఎర్రంచు. ఇప్పుడు ఫ్యాషన్ అని తెల్లపూల గోడ వెనక పెడితే తెలుపులో తెలుపు కలిసిపోయి, ఆల్బమ్‌లో రెండు తలలూ ఒక ఎర్రటి గీతా కనిపిస్తాయి. జంట ఎక్కువసేపు ఏ బట్టల్లో కూర్చుంటారో అడగకుండా వెనక రంగు ఎంచుకోవడం నాకు అర్థం కాదు. పచ్చటి కొబ్బరాకు ముందు మధుపర్కం ఎంత తేటగా కనిపిస్తుందో ఒకసారి చూస్తే తెలుస్తుంది.

ఆ అల్లిక చేసింది మా వాళ్ళు కాదు. ఊళ్ళోనే కొబ్బరి తడికెలు అల్లే కుటుంబం ఒకటుంది. లేత ఆకు, పసుపుపచ్చగా ఇంకా విచ్చుకోనిది, దాన్ని ఈనె తీసి నీళ్ళలో తడిపి, చాపలాగా ఒకటి పైన ఒకటి కింద పోనిచ్చి అల్లుతారు. ముదురాకు పచ్చ, లేతాకు పసుపు, రెండూ కలిపి అల్లితే గళ్ళు వాటంతటవే పడతాయి, రంగు వెయ్యక్కర్లేదు. ఆ ఇంటావిడ వేళ్ళు ఆకు అంచుని తడిమి, గట్టిదనం చూసి, పనికిరానిదాన్ని కంటితో చూడకుండానే పక్కకి విసిరేస్తుంటే నేను పక్కనే కూర్చుని ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా వీడియో తీశాను. చిలకలు, చేపలు, గంటలు కూడా అల్లి పెట్టారు, వాటిని కమానులకి కట్టాం. పిల్లలు తెంపుకుపోయారు, అది లెక్కలో ఉన్నదే.

అరటిచెట్లు రావులపాలెం వైపు నుంచి, గెలతో సహా. ముందురోజు తెచ్చి పెట్టారంటే ఆకు వాలిపోతుంది. పెళ్ళి రోజు తెల్లవారుజామున నరికించి, మొదలు తడి గోనెసంచిలో చుట్టి, సాయంత్రం దాకా నీడలో నిలబెట్టి, ఎండ దిగాక కట్టాం. గెల బరువుకి చెట్టు ఒరుగుతుంది కాబట్టి తాడు రెండు చోట్ల, గెల కింద ఒకటి, మొదట్లో ఒకటి. ఇక్కడ చాలామంది పొరపాటుగా ఒక్కచోటే కడతారు.

పెళ్ళికొడుకు వైపు నుంచి ఒక కోరిక వచ్చింది. గోపురం సెట్టు కావాలి, వెనక వెంకటేశ్వరస్వామి నిలువెత్తు విగ్రహం. వేరేచోట థర్మకోల్‌తో చేసిచ్చే వాళ్ళ కొటేషన్ కూడా పంపారు. రెండు కారణాలు చెప్పాను. ఒకటి, అలంకరణకి వాడే థర్మకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో అదీ ఉంది. ఇంకా దొరుకుతుంది, ఇంకా వాడుతున్నారు, అది వేరే సంగతి. పైగా ఐదడుగుల దూరంలో హోమగుండం రగులుతూ ఉంటే పక్కన థర్మకోల్ పెట్టే ధైర్యం నాకు లేదు. రెండో కారణం నేను చెప్పేలోపే మామ్మగారు చెప్పేశారు: "స్వామికి వీపు పెట్టి కూర్చుంటారా పిల్లలు? రాత్రంతా?" దాంతో వాళ్ళ వైపు పెద్దాయన కూడా "నిజమేనమ్మా" అని ఊరుకున్నారు. పెళ్ళి ఫొటోల్లో దేవుడు జంట వెనక ఉండటం ఇప్పుడు మామూలైపోయింది, కానీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఒకసారి అడిగి చూడండి, ఏమంటారో.

హోమగుండం కింద ప్లైవుడ్డు ఉంటుంది, దాని మీద తివాచీ. నేరుగా పెడితే అడుగు కాలుతుంది. తివాచీ కోసి, రెండంగుళాల ఇసుక పోసి, దాని మీద ఇటుకలు, ఆపైన గుండం. గుండానికి సూటిగా పైన ఏ గుడ్డా ఏ దండా లేకుండా కప్పులో నాలుగడుగుల చదరం ఖాళీ వదిలాం, కప్పు ఎత్తు పదమూడడుగులు. వానొస్తే వెయ్యడానికి ఆ ఖాళీకి ఒక టార్పాలిన్ మడత పక్కనే సిద్ధం. మే నెలలో సాయంత్రం గాలివాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ప్రతి పైపుకీ భూమిలో ఇనప మేకు, మొదట్లో ఇసుక బస్తా. ఆ రోజు వాన రాలేదు, గాలి మాత్రం గట్టిగానే కొట్టింది. పొడి తాటాకు పందిరి వేద్దామని ఇంట్లో ఒకరు సరదాపడ్డారు, చూడముచ్చటగా ఉంటుంది నిజమే, కానీ ఎండిన తాటాకు, హోమం, పెట్రోమాక్స్ లాంటి వేడి లైట్లు ఒకచోట వద్దన్నాను. పచ్చి ఆకే వాడాం. మంటలార్పే సిలిండర్ ఒకటి, రెండు ఇసుక బకెట్లు స్తంభం వెనక అల్లిక చాటున.

లైట్ల విషయంలో ఫొటోగ్రాఫర్‌తో కొంచెం వాదన జరిగింది. ఆయనకి తెల్ల లైట్లు కావాలి. నేను మండపం మొత్తం పసుపు వెలుతురు, మూడువేల కెల్విన్ ఎల్ఈడీలు వేశాను, రంగురంగుల పార్ లైట్లు ఒక్కటీ లేవు, వాటి కింద మధుపర్కం గులాబీ రంగుకి, పసుపు పూసిన ముఖం ఆకుపచ్చకి తిరుగుతాయి. పసుపు వెలుతురుకి ఇంకో కారణం పురుగులు. పక్కన పొలాలు, కాలవ. తెల్ల లైటు పెడితే పురుగులన్నీ పంతులుగారి నేతిగిన్నెలో, తలంబ్రాల్లో. అందుకని బాగా తెల్లటి లైట్లు రెండు తోట అవతల, మనుషులు లేనిచోట స్తంభాలకి కట్టించాను. పురుగులు చాలావరకు అటు పోయాయి. ఫొటోగ్రాఫర్ మొదట గునిశారు గానీ అన్ని లైట్లూ ఒకే రంగులో ఉండటంతో వాళ్ళకి కలర్ కరెక్షన్ పని తగ్గింది, తర్వాత ఆయనే వేరే పెళ్ళికి నన్ను పిలిచారు.

సన్నాయి మేళం ఎక్కడ కూర్చోవాలనేది డెకరేషన్ వాళ్ళు పట్టించుకోని విషయం. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఒక్కోసారి బ్యాక్‌డ్రాప్ వెనక కూర్చోబెడతారు. కానీ జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, తాళి కట్టే క్షణాన పంతులుగారు చెయ్యి ఊపితే గట్టిమేళం పడాలి. డోలు వాయించే ఆయనకి పంతులుగారి చెయ్యి కనిపించాలి, మైకులో పిలిచేసరికి క్షణం దాటిపోతుంది. అందుకని మండపానికి దక్షిణం వైపు, తోట పక్కన, స్టేజీ ఎత్తులోనే వాళ్ళకి ఒక బల్ల వేసి, ఆ వైపు స్తంభాల మధ్య ఏ తెరా ఏ దండా లేకుండా వదిలేశాం.

తెర గురించి కూడా. ఈ మధ్య పూలతెర అని, తాడు లాగితే పైకి లేచేది పెడుతున్నారు. పెళ్ళికూతురికి అదే కావాలి. పూలతెర బరువు, తాడు గిలక మీద ఇరుక్కుంటే సుముహూర్తం మన కోసం ఆగదు. పైగా తెర పైనుంచి చేతులు అవతలికి పోవాలి, పీట మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి మూడడుగులకి అటూ ఇటూగానే ఉంటుంది, అంత ఎత్తులో పూలతెర అంచు ఆపడం కష్టం. చివరికి స్వస్తిక్ వేసిన మామూలు పట్టుగుడ్డ, ఇద్దరు పట్టుకునేది, దాని పై అంచుకి మాత్రం కనకాంబరం, మరువం కలిపి సన్నటి దండ కుట్టాం. చెప్పగానే దించేశారు.

తలంబ్రాల దగ్గర ఒక చిన్న సంగతి. బియ్యం నున్నటి సింథటిక్ తివాచీ మీద పడితే కాలు జారుతుంది, ఆ తర్వాత అదే చోట జంట ప్రదక్షిణం చెయ్యాలి. అందుకే నున్నటి తివాచీ బదులు మందపాటి జంపఖానా వేశాం, ఊడ్చడానికి మెత్తటి చీపురుతో ఒక కుర్రాణ్ణి మెట్ల దగ్గరే ఉంచాం. తలంబ్రాల్లో థర్మకోల్ గుళికలు కలపొద్దని కూడా అడిగాను, ముత్యాలు కలుపుకుంటామన్నారు, అది ఇంకా నయం.

నాకు బాగా నచ్చిన పని వాయవ్యం మూలది. అరుంధతీ నక్షత్రం చూపించడం చాలా పెళ్ళిళ్ళలో హాలు కప్పు వైపు వేలు చూపించి అయిందనిపిస్తారు. ఇక్కడ ఆకాశం ఉంది. మే నెలలో అర్ధరాత్రి దాటాక సప్తర్షి మండలం వాయవ్యం వైపు దిగుతూ ఉంటుంది, రెండు మూడింటికల్లా అంత ఎత్తులో ఉండదు, కొబ్బరిచెట్ల తలలు అడ్డం వస్తే కనిపించదు. అదృష్టం ఏంటంటే వాయవ్యం వైపు రోడ్డు, చెట్లు లేవు. ముందు రెండు మూడు రోజులు ఆ వేళకి ఫోన్‌లో నక్షత్రాల యాప్ పట్టుకుని నిలబడి, ఎక్కడ నుంచుంటే కనిపిస్తుందో చూసి, పందిరి ఆ మూల పన్నెండడుగులు కప్పకుండా వదిలేశాం. ఎలక్ట్రీషియన్‌కి ఆ వైపు సర్క్యూట్ విడిగా ఇమ్మని చెప్పాను, పంతులుగారు "రండి బాబూ, అరుంధతిని చూద్దురు గాని" అనగానే ఆ వైపు లైట్లు ఆపేశారు. వశిష్ఠుడి పక్కన ఆ చిన్న చుక్క పెళ్ళికొడుకుకి కనపడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి "ఆఁ, ఉంది" అన్నాడు. నిజంగా కనపడిందో లేదో అతనికే తెలియాలి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతాను, గుండ్రంగా. పందిరి, పైపులు, టార్పాలిన్, స్టేజీకి ఎనభై ఐదు వేలు. పూలు, ఆకు, అరటిచెట్లు, మామిడాకు కలిపి తొంభై ఐదు. అల్లికకి, కూలీలకి యాభై ఐదు. లైట్లు, జనరేటర్ నలభై. బండి బాడుగ పది. మొత్తం 2,85,000. గోపురం సెట్టు వాళ్ళ కొటేషన్ నాలుగు లక్షల పైమాట. ఇక్కడ తక్కువైంది కాబట్టి అన్నిచోట్లా తక్కువవుతుందనుకోకండి, కొబ్బరాకు వాళ్ళ తోటలోదే, అల్లేవాళ్ళు ఊళ్ళోవాళ్ళే, పూలమార్కెట్ దగ్గర. ఇదే డిజైన్ హైదరాబాద్‌లో వెయ్యాలంటే ఆకు బండిలో రావాలి, గుడిమల్కాపూర్ మార్కెట్లో మల్లెలు కొనాలి, అల్లేవాళ్ళని కూడా తీసుకెళ్ళి ఉంచాలి, లెక్క మారిపోతుంది. అక్కడైతే నేను అల్లిక సగానికి తగ్గించి మామిడాకు పెంచుతాను.

అనుకున్నట్టు కానివీ ఉన్నాయి. అరుగు మీద పెద్దవాళ్ళకి ఫొటోగ్రాఫర్లు అడ్డం రాకుండా ఆగ్నేయం మూల వాళ్ళకి ఒక బల్ల వేసి, సుద్దగీత గీసి, దాటొద్దని మాట తీసుకున్నాం. తాళి కట్టే వేళకి గీత లేదు, బల్ల లేదు, వాళ్ళు మండపంలో ఉన్నారు. మామ్మగారు అరుగు మీద నుంచి అరిచారు, పక్కకి తప్పుకున్నారు, మళ్ళీ వచ్చారు. దీనికి డిజైన్‌లో మందు లేదు, పెళ్ళివాళ్ళే ముందు గట్టిగా చెప్పుకోవాలి. కూలర్లు కూడా. కుర్చీల వైపు నాలుగు పెట్టాం, ఎవరో ఉక్కగా ఉందని ఒకటి మండపం వైపు తిప్పారు, నిప్పురవ్వలు లేచాయి, మా కుర్రాడు పరిగెత్తి తిప్పేశాడు. ఆ తర్వాత నేను ఏ పెళ్ళిలోనైనా కూలర్లని తాడుతో స్తంభానికి కట్టేసి, మూతి తిప్పే వీల్లేకుండా చేస్తున్నాను.

విప్పడం మర్నాడు సాయంత్రానికి అయింది. పూలకాడలు గుచ్చే ఓయాసిస్ ఫోమ్ వాడలేదు, దండలకి ప్లాస్టిక్ దారం వాడలేదు, అరటినార, నూలుదారమే. అరటిబోదెలు, ఆకు పక్కింటి పాడిగేదెలకి పోయాయి, కొబ్బరి తడికెలు నాలుగు మాస్టారు వంటచావిడికి దడి కడతానని ఉంచుకున్నారు. రాట మా పని కాదు, పదహార్రోజుల పండగ దాకా అది వాళ్ళ వాకిట్లోనే ఉంటుందని చెప్పారు. బ్యాలెన్స్ డబ్బులు మాస్టారు ఆ సాయంత్రమే లెక్కపెట్టి ఇచ్చారు, బండి బాడుగలో మేం కూడిక తప్పు వేశామని మూడొందలు కలిపి మరీ.